నీటిని తయారు చేయడం సాధ్యమే, కానీ అది అనంతపురం దాహం తీరుస్తుందా?

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక యువరైతు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఆయన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా పొలంలో తొమ్మిది వందల అడుగుల బోరు ఎండిపోయింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరవుతుందని బడిలోనే చదువుకున్నాం. మరి ఫ్యాక్టరీ పెట్టి నీటిని తయారు చేసి మన జిల్లాకు ఎందుకు ఇవ్వరు? గాలిలోంచి నీళ్లు తీసే యంత్రమని ఒకాయన మా ఊళ్లో అమ్ముతున్నాడు, కొనవచ్చా?" అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా రసాయనశాస్త్రం బోధించాను. దాదాపు ప్రతి సంవత్సరమూ ఎవరో ఒక విద్యార్థి ఈ ప్రశ్న అడిగేవాడు, అదీ ఎక్కువగా వేసవి దగ్గర పడి ఇంట్లో బిందెలు వరుసలో పెట్టే రోజుల్లో. దీన్ని పిల్లచేష్టగా తీసిపారేయకూడదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కనుక లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట: నీటిని తయారు చేయవచ్చు, అందులో సందేహం లేదు. మా ప్రయోగశాలలో జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, బుసబుస పొంగి వచ్చే హైడ్రోజన్ వాయువును కాల్షియం క్లోరైడు గుండా పంపి తడి లేకుండా చేసి, పొడిగా తుడిచిన గాజు జాడీలో పట్టేవాళ్లం. వెలిగించిన పుల్లను జాడీ మూతి దగ్గరకు తేగానే 'టప్'మని చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకు నవ్వుకున్న పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి జాడీ లోపలి గోడను చూపించేవాణ్ణి. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టేలాంటి సన్నని మసక అక్కడ ఉండేది. ఒక్క క్షణం ముందు లోకంలో లేని నీరు అది. జాడీని నీటి తొట్టిలో బోర్లించి వాయువును పట్టితే లోపల ముందే తడి ఉంటుంది కాబట్టి ఈ ప్రయోగానికి విలువ ఉండదు. ఆరబెట్టడంలో అంత పట్టుదల అందుకే.

మీ ఇంట్లోనూ ఈ పని రోజూ జరుగుతూనే ఉంది. పొద్దున గ్యాస్ పొయ్యి మీద చల్లటి నీళ్ల గిన్నె పెట్టి మంట వెలిగించగానే, గిన్నె బయటి వైపు అడుగున కాసేపు చెమ్మ పడుతుంది, ఒక్కోసారి బొట్టు జారి మంటలో పడి చుయ్యిమంటుంది. గిన్నె కారుతోందని కొందరు అనుమానపడతారు. కానీ అది వంటగ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పుట్టిన నీటి ఆవిరి, చల్లటి లోహం తగిలి నీరవుతుంది. గిన్నె వేడెక్కగానే మాయమవుతుంది. లెక్క వేస్తే, ఒక కిలో వంటగ్యాస్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి దాదాపు 22 లీటర్ల నీరు ఆవిరిగా మీ వంటింటి కిటికీలోంచి బయటికి పోయినట్టే.

ఈ సంగతి మనుషులకు తెలిసి రెండున్నర శతాబ్దాలు కూడా కాలేదు. అంతవరకూ మన పంచభూతాల లెక్కలోనూ, గ్రీకుల లెక్కలోనూ నీరు విడదీయరాని మూలపదార్థమే. 1780ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ హైడ్రోజన్ వాయువును గాలిలో మండించి నీటిని పొందాడు. 1783లో పారిస్‌లో లావోయిజర్ ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి, నీరు రెండు పదార్థాల కలయిక అని స్పష్టంగా ప్రకటించాడు. ఆ వాయువుకు పెట్టిన హైడ్రోజన్ అనే పేరుకు గ్రీకులో నీటిని పుట్టించేది అని అర్థం. మన పాత పాఠ్యపుస్తకాలు దాన్ని ఉదజని అన్నాయి. ఉదకానికి జన్మనిచ్చేది అన్నమాట. ఆ చక్కటి పేరు వాడుకలోంచి జారిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పేరులోనే ఉంది.

ఇక్కడ చాలామంది చెప్పే ఒక తప్పు జవాబును సరిదిద్దాలి. "నీటిని తయారు చేయడానికి బోలెడంత శక్తి ఖర్చవుతుంది, అందుకే చేయరు" అంటారు. నిజానికి ఆ రెండు వాయువులూ కలిసేటప్పుడు శక్తి ఖర్చు కాదు, పైగా వెలువడుతుంది. ఒక లీటరు నీరు తయారయ్యేటప్పుడు సుమారు 4.4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికి వస్తుంది. కట్టె కాలి బూడిద అయినట్టే హైడ్రోజన్ కాలి నీరు అవుతుంది, అందుకే నీరు మళ్లీ మండదు. చిక్కంతా కలపడంలో కాక, కలపడానికి కావలసిన హైడ్రోజన్‌ను సంపాదించడంలో ఉంది. ఆక్సిజన్‌కు కొదవ లేదు, మనం పీల్చే గాలిలో అయిదో వంతు అదే. హైడ్రోజన్ మాత్రం గాలిలో విడిగా దాదాపు లేదు. కోటి భాగాల గాలిలో అయిదు భాగాలు ఉంటే ఎక్కువ. భూమి మీది హైడ్రోజన్‌లో అత్యధిక భాగం ఎప్పుడో కాలి సముద్రాలుగా మారి కూర్చుంది.

అలాంటప్పుడు హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది? ఒక దారి నీటిలోకి కరెంటు పంపి విడగొట్టడం. ఈ పద్ధతిలో ఒక కిలో హైడ్రోజన్ రావాలంటే తొమ్మిది లీటర్ల నీరు, ఇప్పటి యంత్రాలతో సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కిలో హైడ్రోజన్‌ను తిరిగి మండిస్తే వచ్చేదీ ఆ తొమ్మిది లీటర్లే. బావిలో నీళ్లు తోడి మళ్లీ అదే బావిలో పోసి, ఆ పనికి కూలి కూడా ఇచ్చుకున్నట్టు ఉంటుంది. రెండో దారి సహజవాయువును, నీటి ఆవిరిని అధిక వేడి దగ్గర కలిపి హైడ్రోజన్ తీయడం. ఎరువుల కర్మాగారాల్లో జరిగేది ఎక్కువగా ఇదే. ఇందులోనూ ముందు నీరు పోయాలి. పైగా దిగుమతి చేసుకున్న ఇంధనం కావాలి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలుస్తుంది. జింకు, ఆమ్లం పద్ధతి గాజు జాడీ వరకే. ఒక లీటరు నీటికి మూడున్నర కిలోలకు పైగా జింకు కరిగించాలి.

ఖర్చు చూద్దాం. ఒక లీటరు నీటికి 111 గ్రాముల హైడ్రోజన్ కావాలి. దాన్ని కరెంటుతో తీయడానికి సుమారు ఆరు యూనిట్లు అవుతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే లీటరు నీటికి కరెంటు ఒక్కటే నలభై రూపాయలు దాటుతుంది. పదిహేను లీటర్ల బిందె నిండేసరికి ఆరు వందల రూపాయలు. మండేటప్పుడు వచ్చే శక్తిని ఫ్యూయల్ సెల్ అనే పరికరంతో కరెంటుగా మార్చుకుంటే దాదాపు సగం తిరిగి దక్కుతుంది. మిగతా సగం వేడిగా పోతుంది.

ఇది తాగునీటి మాట. మీరు రైతు కాబట్టి పొలం లెక్క కూడా చెబుతాను. ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరు నిలవాలంటే నాలుగు వేల లీటర్లు పైచిలుకు కావాలి. వేరుశనగ పంట కాలానికి 500 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరాకు ఇరవై లక్షల లీటర్లు. ఆ నీటిని హైడ్రోజన్‌తో తయారు చేయాలంటే ఎకరాకు సుమారు 225 టన్నుల హైడ్రోజన్ పడుతుంది. మన దేశం 2023లో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి. దేశమంతా కష్టపడి తీసే ఆ మొత్తాన్ని ఒక్క గ్రాము కూడా వేరే పనికి వాడకుండా మన చేలకే మళ్లించినా, తడిసేది ఇరవై రెండు వేల ఎకరాలు. వేరుశనగ లక్షల ఎకరాల్లో వేసే జిల్లా మనది. పైగా ఆ హైడ్రోజన్ తీయడానికి ముందే నాలుగున్నర కోట్ల టన్నుల మంచినీరు పోయాలి. ఈ లెక్క పలక మీద వేశాక తరగతిలో మళ్లీ ఆ ప్రశ్న వచ్చేది కాదు.

ప్రమాదం సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. గాలిలో నాలుగు శాతం నుంచి డెబ్భై అయిదు శాతం వరకు ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు, పగటి వెలుగులో దాని మంట సరిగా కనిపించదు. 1937 మే 6న హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ విమాననౌక కాలిపోయి 36 మంది చనిపోయారు. ఇంట్లో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున చేయడానికి దయచేసి పూనుకోకండి.

తయారైన నీటిని మనుషులు నిజంగా తాగిన సందర్భం ఉంది. అపోలో అంతరిక్ష నౌకల్లో కరెంటు కోసం హైడ్రోజన్, ఆక్సిజన్‌లను ఫ్యూయల్ సెల్‌లలో కలిపేవారు, అక్కడ పుట్టిన నీటినే వ్యోమగాములు తాగేవారు. అందులో వాయువు బుడగలు మిగిలిపోయి వారిని ఇబ్బంది పెట్టేవి కూడా. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు కరెంటుతో పాటు నీరు పుట్టే దారి కూడా మూసుకుపోయి, ఉన్న కొద్దిపాటి నీటిని గుక్కల లెక్కన పంచుకోవలసి వచ్చింది. అక్కడ ఆ పద్ధతి సరిపోయింది, ఎందుకంటే కరెంటు కోసం ఎలాగూ మోసుకుపోయిన ఇంధనానికి నీరు కొసరుగా వచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నేడు ఎక్కువగా చేసేది వ్యోమగాముల చెమటను, మూత్రాన్ని, ఊపిరిలోని తేమను శుద్ధి చేసి మళ్లీ వాడడం. 2023 నాటికి వాడిన నీటిలో 98 శాతం తిరిగి రాబట్టగలిగారు. ఖర్చుకు వెనకాడని చోట కూడా కొత్త నీటిని పుట్టించడం కన్నా ఉన్న నీటిని దక్కించుకోవడానికే మొగ్గు చూపారన్నది గమనించండి.

ఇక మీ ఊళ్లో అమ్ముతున్న యంత్రం. అది నీటిని తయారు చేయదు. గాలిలో ఆవిరిగా ఉన్న నీటిని చల్లబరిచి పడుతుంది. ఏసీ వెనక గొట్టంలోంచి కారే నీళ్లు ఎలా వస్తాయో ఇవీ అలాగే వస్తాయి. కనుక అది మోసపు సూత్రమేమీ కాదు. మన గాలిలో ఎంత నీరుందన్నదే ప్రశ్న. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ ఇరవై శాతం ఉందనుకుంటే, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు పది గ్రాముల నీరు ఉంటుంది. ఆ గాలిని పదమూడు డిగ్రీల దాకా చల్లబరిచినా ఒక్క చుక్క రాదు, అక్కడినుంచే చెమ్మ పట్టడం మొదలవుతుంది. అయిదు డిగ్రీల దాకా తీసుకుపోతే ఘనపు మీటరుకు నాలుగు గ్రాములు చేతికొస్తాయి. అంటే ఒక్క లీటరు కోసం సుమారు 250 ఘనపు మీటర్ల గాలిని, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు ఏడింటిలో నిండే గాలిని, అంతటి చల్లదనానికి దించాలి. నా లెక్క ప్రకారం లీటరుకు ఒక యూనిట్ దాటవచ్చు. అదే విశాఖపట్నం లాంటి సముద్రతీరంలో, 30 డిగ్రీల వేడి, ఎనభై శాతం తేమ ఉన్న రోజున, అదే యంత్రం అర యూనిట్ లోపే లీటరు ఇవ్వగలదు. రోజుకు ఇన్ని లీటర్లని పెట్టె మీద వేసే అంకె సాధారణంగా ఇలాంటి తేమ గాలికి వేసినదే. కాబట్టి కొనేముందు అమ్మకందారును ఒక్కటే అడగండి: ఏప్రిల్ నెలలో మా ఊళ్లో మూడు పగళ్లు, మూడు రాత్రులు నడిపి చూపించాలి, కరెంటు మీటరు రీడింగు, పట్టిన నీటి కొలత రెండూ నా కళ్లెదుట రాయాలి. దానికి ఒప్పుకోకపోతే డబ్బు కట్టవద్దు. ఒప్పుకున్నా అది తాగడానికే, పొలానికి పనికి రాదు.

పొడిగాలిలోంచి కూడా నీటిని పట్టే దారి శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. 2025లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఒమర్ యాఘీ, లోహము, కర్బన పదార్థాలతో అల్లిన సూక్ష్మరంధ్రాల స్ఫటికాలతో, రాత్రి తేమను పీల్చుకుని పగటి ఎండకు వదిలే పరికరాన్ని తన బృందంతో కలిసి అరిజోనా ఎడారి గాలిలోనే పరీక్షించి చూపాడు. అయితే పదార్థం కిలోల్లో వేస్తే నీరు గ్రాముల్లో వచ్చే దశ అది. నాకు దాని మీద నిజమైన ఆశ ఉంది, మీ ఈ వేసవికి మాత్రం అక్కరకు రాదు. మన జిల్లాలో ఇరవై ఏళ్ల కిందట పేరు మోగిన మేఘమథనం కూడా నీటిని తయారు చేయడం కాదు. సిల్వర్ అయోడైడ్ పొగ, అప్పటికే నీటితో నిండి ఉన్న మేఘంలో చినుకు కట్టడానికి సాయపడుతుంది. మేఘం లేని ఆకాశానికి అది ఏమీ చేయలేదు.

పెద్ద ఎత్తున నీరు కావాలంటే లోకమంతా నమ్ముకున్నది సముద్రాన్ని. చెన్నై దగ్గర మీంజూరులో 2010లో, నెమ్మెలిలో 2013లో, సముద్రపు నీటి నుంచి రోజుకు పది కోట్ల లీటర్ల చొప్పున మంచినీరు తీయగల కర్మాగారాలు మొదలయ్యాయి. ఈ పద్ధతిలో వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్లు అవుతాయి. మనం పైన లెక్కించిన హైడ్రోజన్ దారిలో అదే వెయ్యి లీటర్లకు ఆరు వేల యూనిట్లు. నీటిని పైకి ఎత్తడం ఇంకా చవక. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తడానికి పంపు నష్టాలతో కలిపినా అర యూనిట్ దాటదు. శ్రీశైలం జలాశయం నుంచి మాల్యాల దగ్గర కృష్ణ నీటిని ఎత్తిపోసి, మెట్టు మెట్టుగా జీడిపల్లి దాకా తెచ్చిన హంద్రీ నీవా కాలువ ఎంత ఖరీదైనదని అనిపించినా, లీటరు లెక్కకు వచ్చేసరికి ఏ యంత్రమూ దాని దరిదాపులకు రాదు. ఆ కాలువల చివరి ఆయకట్టుకు నీళ్లు అందాలని అడగడం ఫ్యాక్టరీ కావాలని అడగడం కంటే ఎన్నో రెట్లు న్యాయమైన కోరిక.

కాలువ ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు కాబట్టి, మీ చేతిలో ఉన్నదాని గురించి చెప్పి ముగిస్తాను. మన జిల్లా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తక్కువే, కానీ ఒక ఎకరా మీద పడే ఆ వాన ఇరవై రెండు లక్షల లీటర్లు. అంత నీటిని ఆకాశం ఉచితంగా పోస్తే అందులో ఎక్కువ భాగం రెండు మూడు గట్టి వానల్లో వంకలో కలిసి పోతోంది. ఈ సీమలో చెరువు కట్టడం ఒక శాస్త్రంగా ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనంలో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువు వివరంతో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు చెక్కించారు. అందులో జలశాస్త్రం తెలిసిన మనిషి ఒక అంగం. మీ ఊరి కుంటకు నీరు తెచ్చే వాగు మూసుకుపోయి ఉంటే, దాన్ని పూడిక తీయించడం ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేయడం కంటే నయం. టెంకాయ పట్టుకుని పాయింటు చూసేవారికి డబ్బిచ్చి వెయ్యి అడుగుల దాకా తవ్వించి, అర అంగుళం నీళ్లు కూడా పడక అప్పుల పాలైన కుటుంబాలను నేను చాలా దగ్గరగా చూశాను.

తాగునీటి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. మన నేల కింది గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. లోతు బోర్ల నీరు ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. నా తరగతిలో మొదటి బెంచీలో కూర్చుని నవ్విన పిల్లల ముందు పళ్ల మీద గోధుమరంగు అడ్డచారలు చూసి, ఏ ఊరి నీళ్లో అడక్కుండానే చెప్పగలిగిన రోజులున్నాయి. వాన నీటిలో ఈ బెడద లేదు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి యాభై వేల లీటర్ల వాన పడుతుంది, కారిపోయేది, ఆవిరయ్యేది తీసేసినా నలభై వేల లీటర్లు పట్టవచ్చు. అయిదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు ముప్పై లీటర్లు చాలు, కాబట్టి పది వేల లీటర్ల తొట్టి నిండితే దాదాపు పదకొండు నెలలు గడుస్తుంది. మొదటి వాన నీటిని మిద్దె కడగనిచ్చి బయటికి వదిలేయండి. ఆ తర్వాతి నీటిని ఇసుక, గులకరాళ్ల వడపోత మీదుగా తొట్టిలోకి పంపండి. తొట్టిలో వెలుతురు, దోమ చొరబడకుండా మూత గట్టిగా ఉండాలి, తాగేముందు కాచుకోవాలి. ఎండిన బోరులోకి పొలం మీది మురికి నీటిని నేరుగా వదలకండి, అందులోని ఎరువులు, మందులు చుట్టుపక్కల బోర్లకూ చేరతాయి.

మీ మిద్దె పొడవు వెడల్పులు, ఇంట్లో ఎంతమంది ఉంటారో, ఎన్ని పశువులున్నాయో రాయండి. తొట్టి ఎంత పెద్దది కట్టుకోవాలో, గొట్టం ఎంత లావుండాలో లెక్క వేసి చెబుతాను.